సింహం లేని సీమలో సింహాలు

రామప్ప గుడి చుట్టూ తిరిగేవారి చూపు మామూలుగా మదనికలనే నాట్యగత్తెల శిల్పాల దగ్గరే ఆగిపోతుంది. కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. నిజానికి అదే నల్లరాతిలో చెక్కిన మృగాలు కూడా చూరు కింద ఉన్నాయి. స్తంభానికి కాళ్లు తన్నిపట్టి, పైకప్పు బరువంతా తమ మీదే పడ్డట్టు ఏటవాలుగా పైకి లేచి ఉంటాయి. ఒళ్లు సింహానిది. ముఖం మాత్రం ఏ జంతుశాస్త్ర గ్రంథంలోనూ దొరకదు. శిల్పులు వీటిని వ్యాళాలంటారు, కొందరు యాళి అంటారు. కింద గుడి పాదం పొడవునా ఏనుగుల బారు నడుస్తూ ఉంటుంది. వాటిలో ఒకటి తొండం చుట్టుకుని ఉంటే, దాని వెనకది తొండం జారవిడిచి ఉంటుంది.

ఏనుగు, సింహం, వ్యాళం, ఈ మూడింటిలో ఏది నిజం, ఏది కల్పన అని ఒక బడిపిల్లవాడిని అడిగితే తడుముకోకుండా చెబుతాడు: ఏనుగు నిజం, సింహం నిజం, వ్యాళం కల్పన. అయితే 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించిన నాటికి లెక్క వేరు. ఉలి పట్టిన శిల్పికి ఏనుగు ఒక్కటే కళ్లారా చూసిన జంతువు. సింహం, వ్యాళం రెండూ విన్నవే. రెండింటినీ గురువు గీసి చూపిన రేఖల నుంచి, అంతకు ముందు తరం గుడుల నుంచి నేర్చుకున్నాడు.

ఆసియా సింహం ఒకప్పుడు ఢిల్లీ పరిసరాలు, రాజస్థాన్, గుజరాత్, మధ్య భారతం మీదుగా బీహార్ దాకా తిరిగింది. నర్మదకు దక్షిణాన అది బతికినట్టు నమ్మదగిన ఆధారం లేదు. 19వ శతాబ్దం ముగిసేసరికి గుజరాత్‌లోని గిర్ అడవిలో తప్ప మరెక్కడా మిగల్లేదు. అక్కడ కూడా జునాగఢ్ నవాబు వేట మాన్పించబట్టి బతికి బట్టకట్టింది. 2025 లెక్కల్లో ఆ సింహాలు 891కి చేరాయి. ఓరుగల్లుకు సింహం ఏనాడూ పొరుగు మృగం కాదు. అది ఇక్కడికి కావ్యాల్లో, పురాణాల్లో, సింహాసనాల కోళ్ల మీద, రాజుల బిరుదుల్లో వచ్చింది. అందుకే రాతి సింహం జూలు ఉంగరాలు చుట్టుకుని ఉంటుంది, కనుగుడ్లు ఉబ్బి ఉంటాయి, నోరు చెవుల దాకా తెరుచుకుని ఉంటుంది. శిల్పికి చేతకాక అలా చెక్కాడనుకోవడానికి వీల్లేదు. పక్కనే ఉన్న ఏనుగు మోకాలి ముడతలు చూస్తే ఆ చేతి సత్తా ఏమిటో తెలిసిపోతుంది. ఏనుగును చూసి చెక్కాడు, సింహాన్ని విని చెక్కాడు.

ఊళ్ల పేర్లు కూడా ఈ సంగతే చెబుతాయి. పులిగుట్ట అనే పేరు ఉత్తర తెలంగాణలో కొత్త కాదు. గుట్ట మీద గుహ ఉంటే, ఒకప్పుడు అందులో పులి ఉండేదని ముసలివాళ్లు చెబుతారు. సింహం పేరున్న చోట వెతికితే మాత్రం ధర్మపురిలో లాగా నరసింహస్వామి దొరుకుతాడు, సింహం గుహ దొరకదు. సామెతల్లోనూ అంతే. పులిని చూసి వాత పెట్టుకున్నది నక్క. సింహాన్ని చూసి వాత పెట్టుకున్నది ఎవరూ లేరు, సింహానికి చారలు లేవు కాబట్టి మాత్రమే కాదు.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. కాకతీయ శిల్పంలో సింహం, ఏనుగు, గుర్రం, హంస దొరికినంత సులువుగా పులి దొరకదు. రోజూ భయపెట్టే మృగం గుడి గోడ మీదికి ఎక్కలేదు, ఎన్నడూ కనపడని మృగం రాజ్యమేలింది. రామప్ప గుడి ఊరైన పాలంపేట ఉన్న ములుగు జిల్లాలోనే మేడారం కూడా ఉంది. అక్కడి కథలో పులే ప్రధానం. కోయదొరలు అడవికి వెళ్లినప్పుడు పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప కనిపించిందట, ఆ పాపే సమ్మక్క. పెరిగి పెద్దయ్యాక కప్పం కట్టని కోయల పక్షాన కాకతీయ సైన్యంతో తలపడిన తల్లి ఆమే. సింహం రాజుగారి మృగం, పులి అడవిబిడ్డల మృగం అని ఇంత తేటగా విడిపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. సింహానికి శాస్త్రం ఉంది, లక్షణం ఉంది, కొలత ఉంది. పులికి ఉన్నది పాదముద్ర, గాండ్రింపు, తప్పిపోయిన లేగదూడ. పీర్ల పండుగకు ఒంటికి పసుపు రంగు పూసుకుని, నల్లచారలు దిద్దుకుని, తోక కట్టుకుని డప్పు దరువుకు ఎగిరేది కూడా పులివేషమే.

పులి ఇప్పటికీ వార్తల్లో ఉంది. 2012లో కవ్వాల్‌ను పులుల అభయారణ్యంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని తడోబా అడవుల వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల మీదుగా పులులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకటి పత్తిచేను గట్టు మీద కనిపించిందంటే చాలు, నాలుగు మండలాలు తలుపులు వేసుకుంటాయి.

కాబట్టి ఉన్న జంతువులు, పోయిన జంతువులు, లేని జంతువులు అని మూడు గంపలు పెట్టుకుని ఏరడం మొదలుపెడితే మొదటి అడుగులోనే కాలు జారుతుంది. ఎక్కడ ఉన్నాయి, ఎప్పుడు ఉన్నాయి, ఎవరికి ఉన్నాయి అన్న ప్రశ్నలు వెంటనే అడ్డుపడతాయి. గిర్ అడవిలో పశువులకాపరికి సింహం ఎంత నిజమో, పాలంపేట శిల్పికి అంత కల్పన. ఇక పాలంపేటకు ఉత్తరాన నేల కింద ఉన్నవాటి సంగతి చూస్తే, అవి నూటికి నూరుపాళ్లు నిజం. ఏ కథలోకీ మాత్రం ఎక్కలేదు.

వాటిని తెలుగులో రాక్షసబల్లులంటున్నాం. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త గ్రీకు మాటలు జోడించి డైనోసార్ అనే పేరు కట్టాడు. భయంకరమైన బల్లి అన్నది దాని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి భయంకరం కాస్తా రాక్షసం అయింది. ఆ ఒక్క మాటతో, ఒకప్పుడు నేల మీద నడిచి ఆకూఅలమూ మేసిన జంతువు బకాసురుడి వరుసలోకి చేరిపోయింది. రెండో సగం కూడా తప్పే. డైనోసార్ బల్లి కాదు. గోడ మీద పాకే బల్లి కంటే పెరట్లో గింజలు ఏరుకునే కోడి దానికి దగ్గరి చుట్టం. పేరు అతికిపోయింది, ఇక మార్చలేం. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండు ముక్కలు కలిపి చెబితే సరిపోతుంది.

వరంగల్ నగరంలో ఎంత తవ్వినా డైనోసార్ ఎముక దొరకదు. హనుమకొండ గుట్టలు, కోట మధ్యలోని ఏకశిల అన్నీ గ్రానైటు జాతి రాళ్లు. భూమి లోతుల్లో కరిగి, చల్లారి గట్టిపడ్డవి. వాటి వయసు వందల కోట్ల ఏళ్లు. అలాంటి రాయిలో ఎముక నిలవదు, అసలు అవి పుట్టిన నాటికి ఎముక ఉన్న ప్రాణే లేదు. శిలాజం కావాలంటే ఒండ్రు కావాలి. నది తెచ్చిన ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకుని, చచ్చిన జంతువును గాలికి, నక్కలకు దొరక్కుండా కప్పేయాలి. అలాంటి పొరలున్న నేల భూపాలపల్లి, మంథని, చెన్నూరు, ఆసిఫాబాద్ వైపు ఉంది. ప్రాణహిత, గోదావరి వెంట భూమి కోట్ల ఏళ్ల పాటు మెల్లగా కుంగుతూ పోయింది. కుంగినకొద్దీ నదులు దాన్ని నింపుతూ పోయాయి. సింగరేణి బొగ్గు అక్కడిదే, డైనోసార్లూ అక్కడివే. అయితే బొగ్గు చాలా పాతది. ఆ బొగ్గు అయిన చెట్లు డైనోసార్లు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే చచ్చి పాతుకుపోయాయి. గని దగ్గర డైనోసార్ బొమ్మ పెట్టడం అందంగానే ఉంటుంది గానీ, ఆ రెండూ ఒకరినొకరు చూసుకున్న కాలం లేదు.

భూపాలపల్లికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో యామన్‌పల్లి అనే ఊరుంది. 1970ల చివర్లో అక్కడ 2,400 చదరపు మీటర్ల నేలలో 840 ఎముకలు బయటపడ్డాయి. ఊరి లెక్కలో చెప్పాలంటే ఇరవై నాలుగు గుంటలకు కాస్త తక్కువ, ముప్పావెకరం కూడా లేని చెలక. అంత చిన్న చెలకలో దాదాపు పన్నెండు జంతువుల అవశేషాలు కలగాపులగంగా పడి ఉన్నాయి. మంద మొత్తం ఏదో వరదలో చిక్కుకుని ఉంటుందని ఒక ఊహ. పుర్రె మాత్రం దొరకలేదు, పళ్లు రెండు దొరికాయి. 1988లో పి. యాదగిరి దీనికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మొదటి సగం ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న కోట అనే ఊరి నుంచి వచ్చింది, ఆ ఊరి పేరుతోనే అక్కడి రాతి పొరలను పిలుస్తారు. రెండో సగం యామన్‌పల్లిది. పొడవు సుమారు 9 మీటర్లు. నాలుగు కాళ్ల మీద నడిచే శాకాహారి. పొడవాటి మెడ, అంతకంటే పొడవాటి తోక. 17, 18 కోట్ల ఏళ్ల కిందటి మాట. తర్వాతి కాలంలో ముప్పై మీటర్ల దాకా పెరిగిన మహాకాయుల వంశానికి ఇది తొలిమెట్టు మీది చుట్టం. అందుకే ప్రపంచంలో ఎక్కడ ఈ జాతుల మీద పరిశోధన రాసినా యామన్‌పల్లి పేరు రాక తప్పదు. ఆ ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరాన్ని చూడాలంటే మాత్రం హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లాలి.

నదికి అవతల, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న సిరోంచ తాలూకాలో, పోచంపల్లి అనే ఊరి దగ్గర దొరికింది ఇంకా పెద్దది. కలకత్తాలోని భారత గణాంక సంస్థ బృందం అక్కడ తవ్వింది. గణాంక సంస్థకు డైనోసార్లతో పనేమిటని అనుమానం రావచ్చు. దాని వ్యవస్థాపకుడు మహలనోబిస్‌కు కొలతలున్న ప్రతి శాస్త్రం మీదా మక్కువ. ఇంగ్లండు నుంచి శిలాజాల శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్‌ను పిలిపించి భూగర్భ విభాగాన్ని మొదలుపెట్టించాడు. అలా తవ్విన చోట 1.7 మీటర్ల తొడ ఎముక బయటపడింది. నేల మీద నిలబెడితే మనిషి నిలువెత్తు. అందరూ దాన్ని బెంగాలీలో ‘పెద్దకాలు’ అనే పిలుచుకున్నారు, 1975లో పేరు పెట్టేటప్పుడు ఆ ముద్దుపేరే శాస్త్రీయ నామంలోకి ఎక్కింది: బరపాసారస్ టాగోరై. తవ్వకం సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కాబట్టి రెండో ముక్క ఆయనకు దక్కింది. తెలుగు మాట్లాడే సిరోంచ నేలలో దొరికిన కాలికి బెంగాలీ పేరు. ఆ పారలు పట్టిన పోచంపల్లి మనుషులు ఏమని పిలుచుకున్నారో ఎవరైనా రాసి పెట్టి ఉంటే బాగుండేది.

ఇంకాస్త కిందికి, అంటే ఇంకాస్త పాతకాలానికి, మాలేరి అని పిలిచే రాతి పొరల్లోకి దిగితే వ్యవహారం మరీ రక్తి కడుతుంది. అది 22 కోట్ల ఏళ్ల ఆవలి లోకం. డైనోసార్లు అప్పటికి ఇంకా చిన్నచిన్న జంతువులు, పెత్తనం వేరేవాళ్లది. ఆ పెత్తందార్లలో ఒకటి పారాసూకస్. పొడవాటి మూతి, రెండు దవడల నిండా పళ్లు, వీపు మీద ఎముక పలకలు, నీటి అంచున పొంచి ఉండే అలవాటు. చూసినవారెవరైనా మొసలి అనే అంటారు. కానీ అది మొసలి కాదు. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటాయి. దీనికి మూతి మొదట్లో, దాదాపు కళ్ల ముందు ఉంటాయి. మొసళ్లతో దూరపు చుట్టరికం ఉన్నా ఈ వంశం వేరు, సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట ట్రయాసిక్ యుగం ముగిసేసరికి పూర్తిగా అంతరించింది. నీటి ఒడ్డున పొంచి వేటాడే బతుకుకు అదే ఆకారం పనికొస్తుంది కాబట్టి ప్రకృతి అదే అచ్చును రెండుసార్లు పోసింది. ఇక్కడ దొరికిన రెండు పారాసూకస్ అస్థిపంజరాల కడుపు భాగంలో మాలేరిసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలు బయటపడ్డాయి. చివరి భోజనం అరగకముందే రెండూ బురదలో కూరుకుపోయాయన్నమాట. ఈ నేల ఇంకా అడుగంటలేదు. ఈ పొరల్లోనే దశాబ్దాల కిందట ఏరి పెట్టిన ఎముకలను మళ్లీ పరిశీలించి 2025లో మాలేరిరాప్టర్ అనే కొత్త మాంసాహార డైనోసార్‌కు పేరు పెట్టారు.

పారాసూకస్ గురించి చదివాక గుడి మకరతోరణం వైపు చూస్తే వింతగా ఉంటుంది. మకరం అంటే మొసలి దవడ, ఏనుగు తొండం, చేప ఒళ్లు, నెమలి పింఛం లాంటి తోక. తెలిసిన జంతువులను విడగొట్టి, ముక్కలు కలిపి కుట్టిన బొంత అది. వ్యాళం, శరభం, గండభేరుండం అన్నిటి తయారీ అంతే. మనిషి ఊహ ఎంత ఎగిరినా ముడిసరుకు పెరటిదే. ఎనిమిది కాళ్ల శరభానికీ కాళ్లు ఉన్నాయి, రెండు తలల గండభేరుండానికీ ముక్కులు ఉన్నాయి. వీరభద్రుడి సంబరాల్లో ‘శరభ శరభ’ అని ఖడ్గం చదివేవారికి ఆ మృగం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అసలు నిజంగా కొత్త ఆకారం అంటే నేల కింద దొరికిందే. కళ్ల ముందు ముక్కున్న మొసలిని ఏ శిల్పీ ఊహించలేదు.

అంతరించిన జంతువును మనవాళ్లు అసలే పట్టించుకోలేదనడం కూడా తప్పే. పట్టించుకున్నారు, పూజించారు, కాకపోతే జంతువని తెలియకుండా. శ్రీవైష్ణవుల ఇళ్లలో సంపుటంలో పెట్టి పాలతో, తులసితో అర్చించే సాలగ్రామాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే నున్నటి నల్లరాయి. దాని పగులులో మెట్లు మెట్లుగా లోపలికి తిరిగిన చుట్ట కనిపిస్తుంది. అదే చక్రం. నేపాల్‌లోని గండకీ నది నుంచి వచ్చిన ఆ రాయి నిజానికి అమ్మోనైటు, అంటే గుండ్రని గుల్లలో బతికిన సముద్రజీవి శిలాజం. హిమాలయం లేవకముందు అక్కడున్న సముద్రంలో ఈదింది. నత్తలా కనబడినా అది ఆక్టోపస్, కణవల బంధువు. ఈ జాతి మొత్తం 6.6 కోట్ల ఏళ్ల కిందట, పెద్ద డైనోసార్లతో పాటే తుడిచిపెట్టుకుపోయింది. ఆ చుట్ట ఎలా వచ్చిందో సంప్రదాయం కూడా ఒక కారణం చెప్పింది. వజ్రకీటం అనే పురుగు రాయిని తొలిచి లోపల చక్రం చెక్కిందట. పెంకు మిగిలింది, ప్రాణి పోయింది, పోయినదాన్ని వివరించడానికి కొత్త ప్రాణిని కల్పించారు. అయినా వాళ్ల చూపును తక్కువ చేయడానికి లేదు. ఆ చుట్ట మామూలు రాయికి సహజంగా వచ్చేది కాదని, ఏదో ప్రాణి చేసిన పనేనని గుర్తించారు. అక్కడిదాకా సరైన దారిలోనే నడిచారు.

హంస సంగతి మధ్యస్థంగా ఉంటుంది. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం పైన నిలిచిన హంసలు 2014 తర్వాత తోరణంతో పాటు రాష్ట్ర చిహ్నంలో కూడా చేరాయి. బడి పుస్తకాల్లో హంస అంటే పొడుగు మెడ తెల్లపక్షి బొమ్మ వేస్తారు. ఆ పక్షి మన చెరువులకు వచ్చేది కాదు. పాత కవులు మానస సరోవరం నుంచి వస్తుందని చెప్పిన హంస చాలామంది అనుకునేదాని ప్రకారం అడవిబాతు జాతిదే. తల వెనుక రెండు నల్లటి పట్టీలున్న ఒక బాతు ఇప్పటికీ టిబెట్టు, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి చలికాలానికి దక్కన్ చెరువుల్లో దిగుతుంది. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు దాని మీద అమర్చిన పరికరాలు నమోదు చేశాయి. పాలూ నీళ్లూ వేరు చేయడం దానికి చేతకాదు. ఆ ఎత్తున పలచటి గాలిలో ఎగరడం అంతకంటే పెద్ద విద్య. ఇలాంటివే ఇంకా ఉన్నాయి. చాతకం నిజం పక్షి, నైరుతి వానలతో పాటు వచ్చే తురాయి కోకిల. చక్రవాకం నిజం, కావి రంగు బాతు. వెన్నెల తాగుతుందన్న చకోరం కూడా వాయవ్య కొండల్లో గింజలు తినే కౌజు లాంటి పిట్టే.

ఈ కలగలుపులో నష్టపోయేవి కూడా ఉన్నాయి. రెండు తలల పాము అని పిలిచే మన్నుతినే పాము సంగతి చూడాలి. వదులు నేలలో, చెలకల్లో బతుకుతుంది. విషం లేదు. ఎలుకలను తింటుంది. దాని తోక సన్నగా ముగియదు, తల మందాన మొద్దుగా, నరికినట్టు ముగుస్తుంది. బెదిరినప్పుడు చుట్ట చుట్టుకుని తలను అడుగున దాచి తోకను కదుపుతుంది. కొట్టేవాడి దెబ్బ తోక మీద పడితే ప్రాణం దక్కుతుంది. కోట్ల ఏళ్లుగా పనికొచ్చిన ఆ ఉపాయమే ఇప్పుడు దానికి ఉరి అయింది. ఆర్నెల్లు ఒక తల, ఆర్నెల్లు మరో తల పనిచేస్తుందని కథ అల్లారు. ఇంట్లో ఉంటే లక్ష్మి నడిచి వస్తుందని, బరువును బట్టి లక్షలు పలుకుతుందని చెప్పి అమ్మే ముఠాలు తయారయ్యాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉన్నా ఇలాంటి బేరాల్లో పట్టుబడేవారు ఉంటూనే ఉన్నారు. నక్క కొమ్ము కూడా ఈ బాపతే. నక్కకు కొమ్ము ఉండదు. జుట్టుతో కలిపి కుట్టిన ఎముక ముక్కను కొని, నక్క తోక తొక్కినట్టు సంబరపడేవారు మాత్రం ఉన్నారు.

దీనికి ఎదురు కేసు అలుగు. ఒళ్లంతా పెంకులు, నోట్లో ఒక్క పన్ను లేదు, చీమలను నాకి తినే మూరెడు నాలుక, బెదిరితే బంతిలా చుట్టుకుపోయే ఒళ్లు. గుడి గోడ మీద చెక్కి ఉంటే వ్యాళానికి తమ్ముడనుకునేవారు. తెలంగాణలో అలుగు అనగానే నిండిన చెరువు నీళ్లు పోసే అలుగే ముందు గుర్తుకొస్తుంది. ఈ అలుగు రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి దాని పక్కనే పుట్టి పెరిగినవారు కూడా చూసి ఉండరు. దాని పెంకు మన గోరు తయారైన పదార్థమే. మందు పేరుతో ఆ పెంకు కోసం చంపుతున్నారు, అంతకు మించి అందులో మహిమ ఏమీ లేదు.

పోయాయని రాసేసిన జంతువుల జాబితా కూడా మరీ నమ్మదగినది కాదు. చీతా పోయిన మాట నిజం. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా రాజు 1947లో కాల్చిన మూడింటితో దాని చరిత్ర దాదాపు ముగిసింది, 1952లో ప్రభుత్వం అంతరించిందని ప్రకటించింది. 2022లో నమీబియా నుంచి ఎనిమిది చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చినప్పుడు వాటిని చిరుతలని రాసినవారు చాలామంది. చిరుత వేరు. అది మన గుట్టల్లో నిక్షేపంలా ఉంది, దాని ఒంటి మీద మచ్చలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. చీతాకు విడివిడి చుక్కలు, కంటి నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్లచార ఉంటాయి. మనం ఆడసింహం అనే అర్థంలో వాడుతున్న సివంగి మాట పక్కనున్న కన్నడంలో చీతాకు పేరు. జంతువు పోతే దాని పేరు ఖాళీగా ఉండదని, ఇంకో జంతువు వచ్చి అందులో దూరుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

కలివికోడి కథ వేరే. 19వ శతాబ్దంలో దీన్ని సిరోంచ, భద్రాచలం వైపు గోదావరి లోయలో కూడా చూశారు. 1900 తర్వాత ఎక్కడా జాడ లేదు. ఎనభై ఆరేళ్ల పాటు పుస్తకాలన్నీ అది అంతరించిందనే రాశాయి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పొదల మధ్య రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికితే దొరుకుతుందా? దాని కోసం తర్వాత తెలుగుగంగ కాలువ దారినే మళ్లించాల్సి వచ్చింది. గోదావరి ఒడ్డున మాత్రం అది మళ్లీ కనపడలేదు.

కాకతీయుల రాజముద్ర వరాహం. దేవుడి అవతారం కాబట్టి ముద్రలకెక్కింది. వరహా అన్న నాణెం పేరు కూడా ఆ వరాహం నుంచి వచ్చిందే. ఇప్పుడు అదే జంతువు మక్కచేను కంకి పాలు పట్టే వేళకు రాత్రికి రాత్రి మందగా దిగుతుంది. చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కట్టడం, మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టడం రైతుకు తప్పని పని. అడవిపంది చీరను చూసి నిజంగా బెదురుతుందా అంటే, మొదటి వారం బెదురుతుందన్నది అనుభవజ్ఞుల మాట.

ఏనుగు సంగతి చివరికి మిగిలింది. రామప్ప పాదం చుట్టూ నడిచే ఏనుగులు సేనలోవి, గుడి సేవలోవి, మావటి ఎక్కినవి. కాకతీయుల తర్వాత వందల ఏళ్లు గడిచేసరికి ఉత్తర తెలంగాణలో ఏనుగంటే సర్కసుది లేదా రాతిది. 2021లో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఒక మంద మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవుల్లోకి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అటువైపు నుంచే ఒక మగ ఏనుగు ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి అడుగుపెట్టింది. అది వచ్చిన సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవారు కూడా ఏనుగు వస్తే ఏం చేయాలో ఎరుగరు. పొలం పనుల్లో ఉన్న ఇద్దరు రైతులు దాని దాడిలో చనిపోయారు. పులి వస్తే ఏం చేయాలో తాతల నాటి నుంచి తెలిసిన ఊళ్లవి. ఏనుగు వస్తే ఏం చేయాలో చెప్పే తాత అక్కడ ఒక్కడూ మిగల్లేదు. అటవీ సిబ్బంది డప్పు చాటింపు వేయించి, జనాన్ని ఇళ్లలో ఉండమని చెప్పి, దాని జాడ వెంట తిరిగారు. కొద్ది రోజులకు అది వచ్చిన దారినే ప్రాణహిత దాటి వెళ్లిపోయింది. ఆ నదే ఇంకా దిగువకు, సిరోంచ దగ్గరికి పారి, 1.7 మీటర్ల తొడ ఎముక దొరికిన నేల పక్కనే గోదావరిలో కలుస్తుంది.